రంగు కింది చెయ్యి

దైవాశీర్వాదం మాస్టారి గొంతు వీధి చివర వినిపిస్తేనే జ్ఞానమ్మకి ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మాత్రం ఆయన స్వయంగా గుమ్మంలోకి వచ్చి, చెప్పులు బయట విడిచి, ఏసురాజు ఉన్నాడా అమ్మా అని వెన్న రాసినట్టు అడిగేసరికి మంట కన్నా ముందు భయం వేసింది. ఆయన పేట చర్చి సంఘానికి సెక్రటరీ. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. పేటలో ఎవరైనా ఆయన గుమ్మానికి వెళ్ళాల్సిందే తప్ప ఆయన ఎవరి గుమ్మమూ తొక్కడు. అలాంటివాడు ఇంటికొచ్చాడంటే అవసరం పీకమీదికి వచ్చిందన్నమాట.

అవసరం పేరు ఒంటె. పక్కూరి సంఘం వాళ్ళు కిందటి క్రిస్మస్ ఊరేగింపులో ట్రాక్టరు తొట్టి మీద తల తిప్పే ఒంటెను పెట్టారు. ఆ ఒంటె గురించి చుట్టుపట్ల ఊళ్ళన్నీ ఏడాదంతా చెప్పుకున్నాయి. కడియం నర్సరీల్లో మొక్కలకి మట్టి కట్టే పనికి వెళ్ళే పేట ఆడవాళ్ళని పక్కూరి వాళ్ళు మీ ఒంటె ఎక్కడే అని ఏడిపించారు. పైగా ఈసారి ఊరేగింపు చూడటానికి రాజమండ్రి నుంచి, చుట్టుపట్ల సంఘాలన్నిటికీ పైనుండే పెద్ద అయ్యగారు వస్తున్నారు. మాస్టారి పరువు ఆ ఒంటె కాళ్ళ కింద పడి నలుగుతోంది. ఆ దరిదాపుల్లో బొమ్మకి కదలిక నేర్పగలవాడు జ్ఞానమ్మ మొగుడు ఏసురాజు ఒక్కడే. ఆ ఏసురాజుని ప్రభు బల్ల దగ్గరికి రాకుండా తోసేసింది మాత్రం ఈ మాస్టారే.

తోసేసిన కథ చిన్నదే. ఏసురాజు రైసుమిల్లులో ఫిట్టరు. అంతకు నాలుగైదేళ్ళ ముందు ఒక దసరాకి కిరాణా కొట్టు వీరాస్వామి వచ్చి మెయిన్ రోడ్డు మీద కదిలే బొమ్మతో అమ్మవారి సెట్టింగు చెయ్యమని అడిగాడు. లారీ వైపర్ మోటారు, సైకిలు చెయిను, మిల్లులో పారేసిన బెల్టు ముక్కలు తెచ్చుకుని ఏసురాజు చేసిపెట్టాడు. అమ్మవారి కుడిచెయ్యి మెల్లగా పైకి లేచేది. పైన ఒక్క క్షణం ఆగేది. ఆగి, వేళ్ళు రెండుసార్లు కిందికి వంచేది, రా తల్లీ, రా, అన్నట్టు. ఆ వేళ్ళ వంపు ఏసురాజు కావాలని పెట్టింది కాదు, లోపలి చక్రానికి పల్లొకటి అరిగిపోయి అలా కుదిరింది. ఊరంతా ఆ చెయ్యి చూడటానికే వచ్చింది, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఆ ఆదివారమే సంఘ పెద్దలు కూర్చుని, విగ్రహానికి చెయ్యి లేపినవాడికి సంస్కారం ఇవ్వకూడదని తీర్మానం చేశారు. అప్పట్నుంచి అందరూ ముందుకెళ్ళి మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే ఏసురాజు వెనక చాప మీదే ఉండిపోయేవాడు. జ్ఞానమ్మని ఎవరూ ఆపలేదు. ఆయన లేకుండా నాకెందుకని ఆవిడా చాప వదిలేది కాదు.

సంస్కారం ఒక్కటే పోతే ఏసురాజు ఓర్చుకునేవాడేమో. కానీ సంస్కారంలో లేనివాడు చస్తే గుడి వెనక సమాధుల తోటలో చోటివ్వరు. వాళ్ళకి ఒక్కగానొక్క కొడుకు, నడక వచ్చీ రాని వయసులో జ్వరమొచ్చి పోయాడు. తోటలో ప్రహరీ వారగా వాణ్ణి పెట్టారు, పక్కన ఇంకా ఒక మనిషికి సరిపడా జాగా ఉంది. మిల్లు ఊక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి రోజు రోజుకీ దగ్గు ఎక్కువవుతున్న ఏసురాజుకి ఈ లోకంలో కావలసింది ఆ జాగా ఒక్కటే. వాడికి చీకటంటే భయమే, నేను పక్కనుంటేగాని పడుకునేవాడు కాదు, అని దగ్గు తెరలు ఆగినప్పుడల్లా అనేవాడు.

మాస్టారు మంచం మీద కూర్చుని అసలు మాట చెప్పాడు.

"సెట్టింగు చెయ్యి ఏసురాజూ. క్రిస్మస్ ఆరాధనలో నీకు సంస్కారం ఇప్పించే పూచీ నాది."

ఆ మాట పాస్టరు గారి నోట కూడా వస్తే బాగుంటుందండి, అంది జ్ఞానమ్మ. ఏసురాజు ఆవిడ వంక గుడ్లురిమి చూశాడు. పెద్దాయన ఇంటికొచ్చి అడిగితే పూచీకత్తు అడుగుతావా అని, మాస్టారు వెళ్ళాక కేకలేశాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారయ్యా, అని ఆవిడ గుర్తుచేస్తే, నీకు మనుషుల మీద నమ్మకం లేదే అన్నాడు. ఉన్నమాటే. ఆవిడకి లేదు. ఆయనకి ఎక్కువుంది. కాపరానికి ఒక్కళ్ళకి ఉంటే చాలని ఇన్నాళ్ళూ సర్దుకుపోయింది.

మర్నాటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. పెరట్లో తాటాకుల పాక కింద వెదురు బద్దలు, ఇనప ఊచలు, పాత కాగితాలు నానేసిన గుజ్జు తొట్టి. వంటకి కూర్చోవాలంటే మోటార్లు జరుపుకోవాలి. ట్రాక్టరు తొట్టి మీదికి పశువుల పాక, అందులో తల ఊపే ఆవు, దానంతటది ఊగే ఉయ్యాల, ఉయ్యాల్లో బాలయేసు, పక్కన కూర్చుని బిడ్డ మీదికి చెయ్యి చాపే మరియమ్మ. పైన పరుగెత్తే నక్షత్రం. పరుగెత్తేది నక్షత్రం కాదు, బల్బులు. రాగి రేకులు కొట్టిన చెక్క రోలరు ఒకటి తిరుగుతుంటే ఒక వరస ఆరి ఇంకో వరస వెలుగుతుంది. ఆ రోలరు చేస్తున్నప్పుడు ఏసురాజు దగ్గడం కూడా మరిచిపోయాడు. జ్ఞానమ్మ మరియమ్మకి నీలం బట్ట కుట్టింది. బెల్టులు జారకుండా చల్లడానికి గుగ్గిలం దంచి డబ్బాలో పోసింది. దంచుతూ దంచుతూ, ఆయన మొహంలో వెలుగు చూసి, మాస్టారి మీద కోపం కాస్త తగ్గించుకుంది. ఆ తగ్గించుకోవడమే పొరపాటు.

అన్నీ కుదిరాయి, మరియమ్మ చెయ్యి మాత్రం కుదరలేదు. కొత్తగా చేసిన చెయ్యి బరువెక్కువై మోటారు లేపలేకపోయింది. తేలిగ్గా చేస్తే మణికట్టు దగ్గర విరిగింది. గుజ్జు ఆరడానికి ఎండ చాలట్లేదు, మంచు పడుతోంది, పండగ దగ్గరకొచ్చేసింది. చివరికి ఏసురాజు అటకెక్కి దసరా సెట్టింగు తాలూకు పాత చెయ్యి దింపాడు. లోపల బోలు, మణికట్టు దగ్గర ఆ పల్లు అరిగిన చక్రం, పైన పల్చటి గుజ్జు పొర. అరచేతిలో పారాణి ఇంకా ఎర్రగా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి చూస్తూ, ఇది వాడితే తప్పంటారేమోనే అని నసుగుతుండగానే మాస్టారు పని ఎంతవరకొచ్చిందో చూడటానికి వచ్చాడు.

ఏసురాజు దాచలేదు. దాచడం తెలిసినవాడైతే ఆ దసరా సంగతే దాచేవాడు. ఇది అక్కడిదండి, కొత్తది కుదరట్లేదండి, తమరెలా అంటే అలా చేస్తానండి, అన్నాడు. మాస్టారు ఆ చేతిని తిప్పి తిప్పి చూశాడు. పక్కూరి ఒంటె ఆయన కళ్ళముందు తల తిప్పి ఉంటుంది.

"రంగు వేసెయ్యి. రంగు కింద ఏముందో దేవుడు చూస్తాడుగాని జనం చూడరు."

టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ జ్ఞానమ్మ ఆ మాట స్పష్టంగా వింది. మాస్టారు టీ తాగి, గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఆవిడ పారాణి మీద రంగు పూసింది. ఎరుపు కిందనుంచి ఉబికొస్తూనే ఉంది. ఆరాక మళ్ళీ పూసింది. తెల్లగా అయ్యేదాకా పూసి, మోచేతి దాకా నీలం చొక్కా చెయ్యి తొడిగింది. చెయ్యి లేచింది, ఆగింది, వేళ్ళు రెండుసార్లు వంచింది. ఆ అరిగిన పల్లు మార్చెయ్యవయ్యా అంది. ఉయ్యాల్లో బిడ్డని రమ్మన్నట్టుందే, ఉండనీ, అన్నాడు ఏసురాజు. ఆయన మనసులో ఏ బిడ్డ ఉన్నాడో ఆవిడకి తెలుసు. పల్లు అలాగే ఉండిపోయింది.

ఊరేగింపు పండగ ముందురోజు పొద్దుగూకే వేళకి గుడి దగ్గర బయల్దేరింది. ముందు డప్పులు, తర్వాత పాటలు పాడే పిల్లలు, వెనక జెనరేటరు, నడుమ ట్రాక్టరు మీద సెట్టింగు. తొట్టి చుట్టూ కడియం బంతిపూల దండలు. ఏసురాజు ఎవరికీ కనపడడు. పాక నేల కింద, బట్ట చాటున, మోటార్ల మధ్య ముడుచుకుని కూర్చుని, జారిన బెల్టుకల్లా గుగ్గిలం చల్లుతున్నాడు. జ్ఞానమ్మ తొట్టి పక్కనే నడుస్తోంది. పెద్ద అయ్యగారు మాస్టారి భుజం తట్టడం చూసింది. బాగుంది బాగుంది అని పేటంతా అంటుంటే, ఆవిడ కూడా చాలా ఏళ్ళకి తల పైకెత్తుకుని నడిచింది.

కాలవ గట్టు దిగి మెయిన్ రోడ్డెక్కేదాకా అంతా బాగానే జరిగింది. ఆ రోడ్డు మీద ఏ ఊరేగింపు వెళ్ళినా గుమ్మాల్లోకి వచ్చి దణ్ణం పెట్టడం అక్కడి ఇళ్ళ ఆడవాళ్ళకి అలవాటు. మన దేవుడా వాళ్ళ దేవుడా అని లెక్కలు చూసుకునే తీరిక ఆ ఆడవాళ్ళకి ఎప్పుడూ లేదు. వీరాస్వామి తల్లి అరుగు మీద నిలబడి ఉంది. చూపు సగమే ఆనే ముసలమ్మ. తొట్టి తన ముందుకొచ్చేసరికి మరియమ్మ చెయ్యి లేచింది, ఆగింది, వేళ్ళు రెండుసార్లు వంచింది.

ముసలమ్మ మొహం వెలిగిపోయింది. మా తల్లే, నన్ను పిలుస్తోంది, అంటూ లోపలికెళ్ళి హారతి పళ్ళెం, కొబ్బరికాయ తెచ్చింది. ట్రాక్టరుకి అడ్డంగా నిలబడి, ముందు చక్రం దగ్గర కాయ కొట్టింది. ఎవరో కుర్రాడు సాయం పడితే తొట్టి అంచు పట్టుకుని ఎక్కి, ఆ తెల్లటి అరచేతిలో ఇంత కుంకం పెట్టింది. ఆవిణ్ణి చూసి ఆ గుమ్మంలోంచి ఒకరు, ఈ గుమ్మంలోంచి ఒకరు పళ్ళేలు పట్టుకొచ్చారు. ఒక్కళ్ళ మనసులోనూ కల్మషం లేదు. డప్పులు ఆగిపోయాయి. పాటలు పాడే పిల్లలు కిసకిస నవ్వారు.

పెద్ద అయ్యగారి మొహం గట్టిపడింది. ఇదేంటి మాస్టారూ, అని అడిగాడు. మాస్టారు తొట్టి వంక కూడా చూడలేదు.

"నాకు తెలియదండి. దసరా బొమ్మ చెయ్యి తెచ్చి తగిలించినట్టున్నాడు. అలాంటివాడనే మేం దూరం పెట్టాం."

రెండడుగుల దూరంలో ఉన్న జ్ఞానమ్మకి నోరు పెగల్లేదు. పెగిలితే ఏమనేదో, ఆ మాటలు ఆవిడ తర్వాత ఎన్నోసార్లు చేలో, పొయ్యి దగ్గర, ఒంటరిగా అనుకుంది. అప్పుడు మాత్రం రాలేదు. ఇంతలో బట్ట కిందనుంచి ఏసురాజు గొంతు వినిపించింది.

"బండి ఎందుకాగిందే? చెయ్యి లేస్తోందా?"

"లేస్తోందయ్యా. జనం దణ్ణాలు పెడుతున్నారు."

అబద్ధం కాదు. లోపల ఆయన సంతోషంగా నవ్వి, నవ్వు దగ్గులోకి తిరిగి, మళ్ళీ గుగ్గిలం చల్లుకున్నాడు.

ఇంటికొచ్చాక కూడా ఆవిడ జరిగింది చెప్పలేకపోయింది. పాస్టరు గారు మెత్తటి మనిషి, కాదనరేమో అన్న ఆశ ఏ మూలో ఉంది. తెల్లారి ఏసురాజు తలంటుకుని, ఆవిడ గంజిపెట్టి ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కుని, పెళ్ళికొడుకులా గుడికి నడిచాడు. సంస్కారం వేళయ్యేసరికి వెనక చాప మీదనుంచి ఇద్దరూ లేచి ముందుకెళ్ళారు. అందరితోపాటు ప్రభు బల్ల ముందున్న కటకటాల దగ్గర మోకరించారు. పాస్టరు గారు ఆ చివరనుంచి ఒక్కొక్కరికే రొట్టె ఇచ్చుకుంటూ వస్తున్నారు. ఏసురాజు కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు.

పాస్టరు గారి పాదాలు ఏసురాజు ముందు ఆగలేదు. జరిగి జ్ఞానమ్మ ముందు ఆగాయి. రొట్టె ముందుకొచ్చింది. ఆవిడ తలెత్తి ఆయన కళ్ళలోకి చూసి, పెదాలు బిగించుకుంది. ఆయన రొట్టె వెనక్కి తీసుకుని తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోయారు. వరస మొత్తం లేచి వెనక్కి వెళ్ళింది. ఏసురాజు ఇంకా కళ్ళు తెరవలేదు. తన దాకా ఇంకా రాలేదనుకున్నాడు. జ్ఞానమ్మ రెక్క పట్టుకుని లేపేదాకా ఆ మనిషి నోరు తెరుచుకునే ఉన్నాడు.

రంగు వెయ్యమన్నది మాస్టారేనని ఆవిడ ఆ తర్వాత పెద్దలందరికీ చెప్పింది. గోడకి చెప్పుకున్నా ఒకటే. మాస్టారంతటివాడు అంటాడా అన్నారు. ఏసురాజు ఎవరితోనూ ఒక్క మాటా అనలేదు. అదే ఆవిడని ఎక్కువ కాల్చింది. తిట్టినా బాగుండేది. సెట్టింగుని మాత్రం సంఘం వదల్లేదు. కుంకం తుడిచి, గుడి పక్క షెడ్డులో పెట్టి తాళం వేశారు. చేసినవాడి చెయ్యి మైలపడ్డదిగాని, చేయించుకున్న బొమ్మ పడలేదు. ఎక్కడి న్యాయమో మరి.

వానలు పడ్డాక ఏసురాజు మంచమెక్కి మళ్ళీ లేవలేదు. చివరి రోజుల్లో అడిగింది ఆ జాగా గురించే. ఇస్తారులే అని ఆవిడ నోటికొచ్చినట్టు చెప్పింది. పోయాక వెళ్ళి అడిగింది. సంఘం రూలు రూలేనన్నారు. కాలవ గట్టు పక్కన, తుమ్మ చెట్ల మధ్య పెట్టారు. పేటలో భయపడి రానివాళ్ళు పోగా, పెట్టెకి భుజం పట్టింది వీరాస్వామీ, అతని దసరా కుర్రాళ్ళూ. ముసలమ్మ గట్టుదాకా నడిచొచ్చి, మా తల్లి చేత చెయ్యి లేపించినవాడే అని ఏడ్చింది. తన కుంకమే ఆ మనిషిని ఇక్కడికి తెచ్చిందని ఆవిడకి తెలియదు. జ్ఞానమ్మ చెప్పలేదు. ఏం లాభం?

డిసెంబరు వచ్చింది. దైవాశీర్వాదం మాస్టారు మళ్ళీ చెప్పులు బయట విడిచి గుమ్మంలోకి వచ్చాడు.

మోటారు తిరుగుతోందట, మరియమ్మ చెయ్యి లేవట్లేదట. రాజమండ్రి నుంచి మెకానిక్కుని తెప్పించారట. అతను మోటారు మార్చాడట, అయినా లేవలేదట. మీ ఆయన పక్కన నువ్వే ఉండేదానివి కదమ్మా, కిటుకేదైనా చెప్పి ఉంటాడు, అన్నాడు. కిటుకేమీ లేదు. బెల్టు జారుతోంది, అంతే. గుప్పెడు గుగ్గిలం చల్లితే లేస్తుంది. డబ్బా ఆవిడ వెనక గూట్లోనే ఉంది, అడుగున ఇంకా మిగిలింది కూడా.

ఆవిడ కిటుకు చెప్పేలా లేదని మాస్టారు ఇంకాస్త కిందికి దిగాడు. కమిటీలో మాట్లాడాడట. ఆవిడ ఇన్నాళ్ళూ సంస్కారం మానేసిన సంగతి లెక్కలోకి తియ్యరట. పైగా బాబు పక్కన జాగా ఆవిడ పేరునే ఉంచుతారట, రేపు ఏదైనా అయితే ఎవరూ అడ్డం చెప్పకుండా.

జ్ఞానమ్మ గడప మీద కూర్చుంది. కొడుకు ప్రహరీ లోపల. మొగుడు గట్టు మీద. మనిషికి ఒళ్ళు ఒకటే, రెండుచోట్ల పెట్టడానికి వీల్లేదు. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఆలోచించకుండా తోసుకుంటూ వచ్చింది. ఈయనొచ్చి తేల్చుకోమని ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ జాగా ఆయనకి ఇచ్చుంటే చెయ్యి ఈపాటికి లేచేదండి. నేను ఆయన దగ్గరికే పోతాను."

మాస్టారు ఎత్తిపొడవడానికి కాదు, నిజంగానే తోచక అడిగాడు.

"మరి బాబో అమ్మా?"

ఆవిడ గడప మీదనుంచి లేచింది.

"మీరే చూసుకోండి మాస్టారూ. తోట తాళం మీ దగ్గరే ఉందిగా."

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పండగ ముందురోజు సెట్టింగు బయల్దేరింది. నక్షత్రం పరుగెత్తింది, ఉయ్యాల ఊగింది, ఆవు తల ఊపింది. మరియమ్మ చెయ్యి ఒళ్ళోనే పడుంది. మెయిన్ రోడ్డు మీద వీరాస్వామి తల్లి పళ్ళెం పట్టుకుని, తొట్టి దాటి వెళ్ళిపోయేదాకా చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూసి చూసి, నా మీద ఏం కోపమొచ్చిందో అమ్మకి, అనుకుంటూ లోపలికి వెళ్ళిందట.

జ్ఞానమ్మ ఊరేగింపుకి వెళ్ళలేదు. పేటంతా రోడ్డు మీదికి పోయాక సమాధుల తోట దగ్గరికి నడిచింది. గేటుకి తాళం ఉంది. ప్రహరీ చుట్టూ తిరిగి, కొడుకు ఉన్నచోటికి ఎదురుగా, గోడకి ఇవతల కూర్చుంది. నాన్న గట్టు మీద ఉన్నాడురా, నేనూ అక్కడికే వెళ్తాను, అని గోడకి చెప్పింది. డప్పుల చప్పుడు దూరమవుతోంది. చీకటి పడుతోంది. వాడికి చీకటంటే భయమని తెలిసీ, ఆవిడ లేవాల్సొచ్చింది.